చెట్ల పని: సర్వే నుంచి కలప అమ్మకం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

చెట్ల సంరక్షణ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు, ఆ పని చేయించుకునేవాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్నలివి. ఒకే సమాధానం మళ్లీ మళ్లీ చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీ సందేహం ఏ దశలో ఉంటే నేరుగా అక్కడికి వెళ్లిపోండి. అనుమతులు, చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పెద్దగా పోలేదు.

## పనిలో చేరే ముందు

ఈ పనిలోకి రావాలంటే చెట్టెక్కడం వచ్చి ఉండాలా?

అక్కర్లేదు. పైన ఒకరు ఉంటే కింద ఇద్దరో ముగ్గురో ఉంటారు. తాడు మెల్లగా వదలడం, పడిన కొమ్మలు పక్కకు లాగడం, దారిన పోయేవాళ్లను ఆపడం అంతా కిందివాళ్ల పనే. మొదటి ఏడాది అక్కడే గడిపితే మంచిదని నా అభిప్రాయం. పైనున్న మనిషి ఏ కొమ్మ తర్వాత ఏ కొమ్మ కోస్తున్నాడో, మధ్యలో ఎందుకు ఆగి చూస్తున్నాడో కింద నుంచే బాగా అర్థమవుతుంది. ఎక్కడం త్వరగానే వస్తుంది. ఏ కొమ్మకి బరువు ఇవ్వకూడదో తెలియడానికే ఏళ్లు పడుతుంది.

ఎత్తంటే కాళ్లు వణుకుతాయి. నేను పనికొస్తానా?

వస్తారు. కొంచెం భయం ఉన్నవాళ్లు ముడి రెండుసార్లు చూసుకుంటారు. అసలు భయమే లేదనేవాళ్లను పైకి పంపాలంటేనే నాకు టెన్షన్. ఎత్తు ఎప్పటికీ పడకపోయినా సర్వే, మొక్కలు నాటడం, మట్టి పని, కలప కొలతలు అన్నీ నేల మీదే ఉంటాయి.

సర్టిఫికెట్ తప్పనిసరా?

అది మీరుండే చోటి నిబంధనను బట్టి ఉంటుంది. తప్పనిసరి కాని చోట కూడా పెద్ద సంస్థలు, బీమా కంపెనీలు అడుగుతాయి. 1924లో మొదలైన ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్ ఇచ్చే సర్టిఫైడ్ ఆర్బరిస్ట్ (చెట్ల సంరక్షణ నిపుణుడు) అర్హతకు చాలా దేశాల్లో గుర్తింపు ఉంది. మూడేళ్ల పని అనుభవం గానీ, సంబంధిత చదువుతో కలిపి కొంత అనుభవం గానీ చూపించి పరీక్ష రాయాలి. చైన్‌సా (గొలుసుతో కోసే మోటారు రంపం) వాడకానికి, చెట్టెక్కడానికి శిక్షణ వేరే తీసుకోవాలి. ఒకటి ఉంటే రెండోది వచ్చినట్టు కాదు.

ఒక్కణ్నే చేసుకుంటే డబ్బు మిగులుతుంది కదా?

మిగులుతుంది, ఏమీ జరగనంతవరకు. చెట్టు మీద స్పృహ తప్పితే హార్నెస్‌లో (ఒంటికి కట్టుకునే భద్రతా పట్టీల్లో) కదలకుండా వేలాడటమే ప్రాణం మీదికి తెస్తుంది. కాళ్లలో రక్తం నిలిచిపోతుంది. అంబులెన్స్ వచ్చి దించుతుందని కూర్చుంటే కుదరదు. కింద ఉన్నవాళ్లలో ఒక్కరైనా పైకెక్కి దించగలిగినవాళ్లు ఉండాలి, వాళ్ల దగ్గర రెండో తాడు సిద్ధంగా ఉండాలి. ఈ ఏర్పాటు లేని రోజున ఎక్కే పని పెట్టుకోవద్దు.

## సర్వే

సర్వేలో అసలు ఏం చూస్తారు?

ముందు దూరం నుంచి చూస్తారు. తల పలచబడిందా, ఒకవైపే ఎండిందా, వాలిందా అన్నది చెట్టు కింద నిలబడితే తెలియదు. తర్వాత దగ్గరికొచ్చి మొదలు, వేళ్లు, కాండం, పంగలు, పెద్ద కొమ్మలు వరసగా చూస్తారు. బెరడు ఊడటం, తొర్రలు, బీటలు, పుట్టగొడుగులు, పాత కోతలు రాసుకుంటారు. ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి 1.3 మీటర్ల దగ్గర, చుట్టుకొలత తీస్తారు.

కొత్తవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. అసలు ప్రశ్న ఆ తర్వాతే మొదలవుతుంది. ఇది విరిగితే ఎవరి మీద పడుతుంది? నడి పొలంలో బీటలిచ్చిన చెట్టు ఎవరికీ అడ్డు కాదు. అదే చెట్టు బడి గేటు పక్కన ఉంటే ఆ రోజే పని మొదలుపెట్టాలి. విరిగే అవకాశం, తగిలే అవకాశం, తగిలితే జరిగే నష్టం, ఈ మూడూ కలిస్తేనే ప్రమాదం.

లోపల డొల్ల ఉందన్నారు. కొట్టేయాల్సిందేనా?

డొల్ల ఉన్నంత మాత్రాన అక్కర్లేదు. కాండానికి బలం ఎక్కువగా బయటి చుట్టులోనే ఉంటుంది. లోపలి చేవ కుళ్లిపోయినా వందల ఏళ్లు నిలబడిన చెట్లున్నాయి. మిగిలిన గోడ మందం ఎంత, అది చుట్టూ ఒకేలా ఉందా, ఎక్కడైనా తెరుచుకుందా అన్నది చూడాలి. జర్మన్ శాస్త్రవేత్త క్లాజ్ మాథెక్ పరిశీలనల నుంచి ఒక లెక్క వాడుకలోకి వచ్చింది: గట్టి గోడ మందం కాండం వ్యాసార్థంలో సుమారు మూడో వంతుకన్నా తగ్గితే జాగ్రత్తపడాలి. 60 సెంటీమీటర్ల వ్యాసమున్న మానుకి 10 సెంటీమీటర్ల గోడ అన్నమాట. ఇది ఆగి ఆలోచించమని చెప్పే గుర్తు మాత్రమే. తల తగ్గిన పాత చెట్టు అంతకన్నా పలచని గోడతోనూ నిలుస్తుంది. గోడకి పెద్ద చీలిక ఉంటే మందంగా ఉన్నా నిలవకపోవచ్చు.

సుత్తితో కొట్టి చెప్పేస్తామంటున్నారు. నమ్మొచ్చా?

అనుమానం ఎక్కడుందో తెలుసుకోవడానికి నమ్మొచ్చు, తీర్పు చెప్పడానికి చాలదు. నైలాన్ సుత్తితో మొదలు చుట్టూ కొడుతూ వెళ్తే గట్టి చెక్క టకటకమంటుంది, డొల్ల దగ్గర శబ్దం బరువుగా మోగుతుంది. బెరడు కింద ఖాళీ ఉన్నా అలాగే మోగుతుంది కాబట్టి పొరబడటం తేలిక. అవసరమైతే సన్నని సూదిలాంటి డ్రిల్ దింపి చెక్క ఎక్కడ మెత్తబడిందో గీత రూపంలో చూస్తారు. కాండం చుట్టూ సెన్సర్లు పెట్టి శబ్దం ఎంత వేగంగా అటుపక్కకు చేరిందో కొలిచే పద్ధతి కూడా ఉంది. కుళ్లిన చోటిని శబ్దం చుట్టి రావాలి కాబట్టి ఆలస్యమవుతుంది.

పంగ దగ్గర పగులు ఉంది. ప్రమాదమా?

రెండు కాండాలు కలిసే చోట ఆకారం చూడండి. విశాలంగా, లోపల చెక్క మెలిపడి ఉబ్బినట్టుంటే సాధారణంగా గట్టి పంగ. సన్నగా వి ఆకారంలో ఉండి రెండిటి మధ్య బెరడు లోపలికి నొక్కుకుపోయి ఉంటే అక్కడ చెక్క చెక్కతో కలవలేదు, బెరడు బెరడుని తోస్తోంది. అటూ ఇటూ చెవుల్లా ఉబ్బిన అంచులుంటే ఆ కీలు కదులుతున్నందుకు చెట్టు అదనంగా చెక్క పోసుకుందని అర్థం. వాన వెలిశాక కాండమంతా ఆరిపోయి పంగ కింద ఒక్క నల్లటి తడి చార మిగిలితే పగులు లోపలిదాకా ఉండొచ్చు. అలాంటప్పుడు ఒకవైపు బరువు తగ్గించడమో, పైన కేబుల్‌తో కట్టడమో చేస్తారు. ఎవరైనా వెంటనే మొత్తం కొట్టేయమంటే ఇంకొకరి మాట కూడా అడగండి.

చెట్టు మొదట్లో పుట్టగొడుగులొచ్చాయి. ఏం చేయాలి?

కోసి పారేయకుండా ఫొటో తీసి చూపించండి. అది పోతే గుర్తుపట్టే ఆధారమే పోతుంది. నేలలో కాస్త దూరంగా వచ్చినవి చాలావరకు హాని చేయనివి, కొన్ని వేళ్లకి సాయం చేసేవి కూడా. మొదలుకి అంటుకుని చెక్కబల్లలా పెరిగే గానోడెర్మా లాంటివి మాత్రం లోపల కుళ్లు ఉందని చెబుతాయి. క్రెట్జ్‌ష్మేరియా అనే శిలీంధ్రం కాలిన బొగ్గు పెచ్చులా మొదలుకి అంటుకుని ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు. తల పచ్చగా ఉండగానే చెట్టు గాజులా పుటుక్కున విరిగేది దీనివల్లే.

వాలిన చెట్టు పడిపోతుందా?

చిన్నప్పుడే వాలి, తర్వాత పైభాగం నిటారుగా తిరిగి పెరిగిన చెట్టు ఆ వాలుకి తగ్గట్టే బలపడింది. కొత్తగా వాలినది వేరు. వాలుకి అటుపక్క నేల పైకి లేచిందా, మట్టిలో పగులుందా చూడండి. ఉంటే దాని కిందికి ఎవర్నీ వెళ్లనివ్వకండి.

"ఈ చెట్టు సురక్షితం" అని రాసివ్వమంటున్నారు. రాయొచ్చా?

ఆ మాట రాయకండి. ఏ తేదీన, ఎక్కడ నిలబడి, ఏ పరికరంతో ఏం చూశారో, ఏం చూడలేకపోయారో (తీగలు అల్లుకున్న కాండం, సిమెంటు కింది వేళ్లు) రాయండి. ఏం పని చేయాలి, ఎన్నాళ్లలో చేయాలి, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్నది ఉంటే చాలు. చెట్టుకి నంబరు, ఫొటో తప్పనిసరి. పెద్ద గాలివాన తర్వాత ఆ గడువు చెల్లదని కూడా ఒక వాక్యం చేర్చండి.

## కొమ్మల కోత

కొమ్మని కాండానికి ఆనించి కోయాలా, కొంచెం వదలాలా?

రెండూ కాదు. కొమ్మ కాండాన్ని కలిసే చోట ఒక ఉబ్బు కనిపిస్తుంది. దాన్ని తాకకుండా సరిగ్గా దాని బయట కోయాలి. ఆ ఉబ్బు కాండానిదే. అది తెగితే కుళ్లు నేరుగా మానులోకి దారి చేసుకుంటుంది. మరీ వదిలేస్తే మిగిలిన మోటు ఎండి, కుళ్లుకి మెట్టులా పనిచేస్తుంది.

బరువైన కొమ్మని ఒకే కోతతో కోస్తే చివర్లో తన బరువుకి విరిగి బెరడుని కింది దాకా చీల్చుకుంటూ పడుతుంది. అందుకే మూడు కోతలు. కాండానికి ఒక అడుగు దూరంలో ముందు కింద నుంచి మూడో వంతు లోతు, తర్వాత కాస్త బయటగా పై నుంచి పూర్తిగా. బరువు పడిపోయాక మిగిలిన మోటుని ఉబ్బు దగ్గర చివరి కోతతో తీసేయాలి.

కోసిన చోట తారు పూయాలా, పెయింటా?

ఏదీ వద్దు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను కోసి లోపల కుళ్లు ఎలా పాకుతుందో చూశారు. గాయమైన చోటు చుట్టూ చెట్టు తనలోనే అడ్డుగోడలు కట్టి, దాన్ని లోపలే బంధించి, దాని మీదుగా కొత్త చెక్క పెంచుకుంటుందని 1977లో ఆయన ప్రతిపాదించిన నమూనాని ఇప్పటికీ పాఠంగా చెబుతున్నారు. పూత ఆ గోడలకి ఏ సాయమూ చేయదు. పైగా తడిని లోపల పట్టి ఉంచుతుంది. గాయం ద్వారా సోకే కొన్ని తెగుళ్లున్న చోట మాత్రమే మినహాయింపు: ఓక్ విల్ట్ ఉన్న ప్రాంతంలో ఓక్ చెట్టు కోత మీద వెంటనే రంగు వేస్తారు.

తల నరికేస్తే చెట్టు పొట్టిగా ఉంటుంది కదా?

కొన్నాళ్లే. ఆకు పోయేసరికి నిద్రలో ఉన్న మొగ్గలన్నీ లేచి, నిటారు రెమ్మలు గుంపుగా వస్తాయి. అవి బెరడు అంచున పైపైనే అతుక్కుని ఉంటాయి, కింద కోసిన చెక్క కుళ్లుతూ ఉంటుంది. కొన్నేళ్లకి ఎత్తు మళ్లీ అంతే, పట్టు మాత్రం పాతదానిలో సగం కూడా ఉండదు. ఎత్తు తగ్గించాలంటే పక్క కొమ్మ దాకా వెనక్కి కోయాలి. ఆ కొమ్మ కోసిన దాని మందంలో కనీసం మూడో వంతు ఉండాలి.

ఒకేసారి ఎంత కోయొచ్చు?

ఆకుల్లో నాలుగో వంతుకి మించకూడదన్నది పాత లెక్క. అది కూడా ఆరోగ్యంగా ఉన్న లేత చెట్టుకే. ముసలి చెట్టుకి ఎండినవి తీసి వదిలేయడమే మేలు. మనం కోసేది దాని ఆహారం తయారయ్యే చోటుని.

గూళ్లుంటే?

పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి. చాలాచోట్ల ఇది చట్టం కూడా.

## రంపం, తాడు, కరెంటు

చైన్‌సా ఒక్కసారిగా మొహం మీదికి ఎగిరింది. ఎందుకు?

బ్లేడు ముక్కు పైభాగం దేనికైనా తగిలితే గొలుసు కోయలేక, ఆ బలం మొత్తం రంపాన్ని వెనక్కి, పైకి విసురుతుంది. కిక్‌బ్యాక్ అంటారు. చేయి అడ్డం పెట్టేంత సమయం ఉండదు. ఎడమ చేతి బొటనవేలు హ్యాండిల్‌ని కింద నుంచి చుట్టి ఉండాలి, చైన్ బ్రేక్ రోజూ పరీక్షించాలి, భుజం కన్నా ఎత్తులో కోయకూడదు, బ్లేడు వరుసలో తల ఉండకూడదు.

గొలుసు మొద్దుబారితే మనిషి రంపాన్ని నొక్కడం మొదలుపెడతాడు, అక్కణ్నుంచే సగం ప్రమాదాలు. రాలే పొట్టు చూస్తే తెలిసిపోతుంది. చిన్న చిన్న పెచ్చుల్లా రాలితే పదునుంది, పిండిలా రాలితే ఆపి ఆకురాయి పట్టాలి.

చైన్‌సా ప్యాంటు వేసవిలో వేసుకోలేకపోతున్నాం. మామూలు జీన్స్ సరిపోదా?

సరిపోదు. ఆ ప్యాంటు లోపల పొడవాటి దారాల పొరలుంటాయి. గొలుసు గుడ్డని చీల్చగానే ఆ దారాలు బయటికొచ్చి, గొలుసు తిరిగే పళ్ల చక్రానికి చుట్టుకుని దాన్ని బిగబట్టేస్తాయి. జీన్స్‌కి ఆ పని చేతకాదు. ఒకసారి కోత పడిన ప్యాంటుని కుట్టించి మళ్లీ వాడకండి, ఆ చోట ఇక దారాలు మిగలవు. హెల్మెట్, కళ్లకి జాలీ, చెవులకి మఫ్‌లు కూడా ఉండాల్సిందే. పెట్రోలు రంపం మోత 100 డెసిబెల్స్ దాటుతుంది.

సాయంత్రానికి వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడుతున్నాయి. తగ్గిపోతుందా?

తేలిగ్గా తీసుకోకండి. కంపనం వల్ల వేళ్ల రక్తనాళాలు, నరాలు దెబ్బతినడం ఇలాగే మొదలవుతుంది. ముదిరితే చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది, వెనక్కి రాదు. డాక్టరుకి చూపించండి. రంపం పట్టే సమయాన్ని మనుషుల మధ్య పంచుకోండి, రంపంలో కంపనాన్ని ఆపే రబ్బరు బుష్‌లు పాడైతే మార్చండి, చేతులు వెచ్చగా ఉంచుకోండి.

కరెంటు తీగకి కొమ్మ తగల్లేదు, దగ్గరగా ఉందంతే. కోయొచ్చా?

కోయొద్దు. అధిక వోల్టేజీ గాలిలోంచి దూకుతుంది, పచ్చి కొమ్మ గుండా పారుతుంది. అమెరికా నిబంధనల్లో శిక్షణ లేనివాళ్లు 50 కిలోవోల్టుల దాకా ఉన్న తీగకి కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. తీగ పైన తొడుగు కనిపించినా నమ్మకండి. సరఫరా సంస్థ లైను ఆపి, ఆపినట్టు రాతపూర్వకంగా చెప్పాకే పని.

తాడుకి ఎంత బరువు పడుతుందో ఎలా అంచనా వేయాలి?

చాలా జాతుల పచ్చి చెక్క ఘనపు మీటరుకి దాదాపు టన్ను తూగుతుంది. 50 సెంటీమీటర్ల వ్యాసం, ఒక మీటరు పొడవున్న ముక్క సుమారు 200 కిలోలు. ఇది ఊరికే వేలాడితేనే. ఒక మీటరు జారి తాడుకి ఠక్కున ఆగితే పడే లాగుడు దానికి ఎన్నో రెట్లు. ముక్కలు చిన్నవి చేసుకోవడమే చౌకైన భద్రత.

## కూల్చడం

అనుకున్న వైపే పడాలంటే ఎలా కోయాలి?

ముందు చెట్టు ఎటు పడాలనుకుంటోందో చూడండి: వాలు, కొమ్మల బరువు, గాలి. చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో ఎవరూ ఉండకూడదు. పడే దిశకి వెనక ఏటవాలుగా పారిపోయే దారి ముందే శుభ్రం చేసుకోవాలి.

పడే వైపు గాటు, మాను వ్యాసంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు లోతు. వెనక కోత దాన్ని కలిసిపోకుండా మధ్యలో వ్యాసంలో పదో వంతు మందం చెక్క వదలాలి. 50 సెంటీమీటర్ల మానుకి గాటు 10 నుంచి 12 సెంటీమీటర్లు, వదిలే చెక్క 5. చెట్టుని దిశ తప్పకుండా దించేది ఆ 5 సెంటీమీటర్లే. దాన్ని కోసేస్తే ఇక ఎటు పడుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

కోసిన చెట్టు పక్క చెట్టు మీద ఒరిగి ఆగిపోయింది. ఆ రెండోది కూడా కొట్టేస్తే?

ప్రాణాలు పోయేది అక్కడే. దాని కిందికి వెళ్లొద్దు, ఎక్కొద్దు, ఆనిన చెట్టుని ముట్టుకోవద్దు. చుట్టూ తాడు కట్టి జనాన్ని ఆపి, దూరం నుంచి వించ్‌తో (తాడు చుట్టి లాగే యంత్రంతో) మొదలుని లాగించండి.

గాలివానకి పెళ్లగించుకుని పడిన చెట్టుని కోయడం తేలికే కదా?

నిలబడిన చెట్టు కన్నా కష్టం. వంగిన కాండంలో ఒకవైపు లాగుడు, ఒకవైపు ఒత్తిడి ఉంటాయి. తప్పు వైపు కోస్తే రంపం ఇరుక్కుంటుంది, లేదా చెక్క చీలి కొడుతుంది. కాండం తెగగానే వేళ్ల ముద్ద గుంటలోకి తిరిగి కూలబడొచ్చు. ఆ గుంటలో ఎవరూ నిలబడకూడదు, ఫొటోకి అయినా సరే.

## కలప అమ్మకం

సర్వే చేసినవాళ్లే కలప కొనుక్కుంటామంటున్నారు. ఇవ్వొచ్చా?

నా మట్టుకు నేను వద్దంటాను. కొట్టేయాలని చెప్పే మనిషికి కొట్టేస్తే లాభం ఉండకూడదు. మోసం చేస్తారని కాదు. మంచి చేవ ఉన్న మాను ఎదురుగా ఉంటే బీట కాస్త పెద్దగా కనపడుతుంది, అంతే. తప్పనిసరైతే సర్వే నివేదిక, కూల్చే పని, కలప ధర మూడూ మూడు కాగితాల మీద వేరువేరుగా రాయించుకోండి. "కలప మాకిచ్చేస్తే కూలి వద్దు" అన్న మాటలో ఏది ఎంతో ఎప్పటికీ తేలదు.

కలప ఘనపుటడుగులు ఎలా లెక్కిస్తారు?

దుంగ మధ్యలో చుట్టుకొలత అంగుళాల్లో తీసి నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగిస్తారు. చుట్టుకొలత 60 అంగుళాలు, పొడవు 10 అడుగులైతే: 15 × 15 × 10 ÷ 144 = 15.6 ఘనపుటడుగులు. అదే దుంగని గుండ్రటి స్తంభంగా లెక్కేస్తే 19.9 వస్తుంది. ఈ పాత పద్ధతి అసలు పరిమాణంలో 78.5 శాతమే చూపిస్తుంది, మిగతాది రంపం తరుగుగా పోతుందన్న ఉద్దేశంతో. అది మోసం కాదు, కానీ ధర ఏ లెక్క మీద చెబుతున్నారో ముందే తేల్చుకోవాలి. బెరడుతో కొలుస్తారా, తీసి కొలుస్తారా అన్నది కూడా.

తోటలోని మానుకి అడవి కలప ధర ఎందుకు రాదు?

మేకుల వల్ల. బోర్డు కొట్టినవి, తీగ చుట్టినవి, ఊయల కట్టినవి అన్నీ చెక్క లోపలికి మునిగిపోతాయి, బయటికి ఏమీ కనపడదు. ఒక్క మేకు తగిలితే మిల్లులో బ్లేడు పాడవుతుంది. మెటల్ డిటెక్టర్‌తో చూపించి అమ్మితే బేరం కాస్త నయం. ఒంటరిగా పెరిగిన చెట్టుకి కింది నుంచే కొమ్మలు రావడంతో ముడులు కూడా ఎక్కువ.

కొట్టి పడేశాక దుంగల చివర్లు పగిలిపోతున్నాయి. ఆపొచ్చా?

తడి చివరి నుంచే చాలా త్వరగా ఆరుతుంది, లోపల ఇంకా పచ్చిగా ఉంటుంది, అందుకే బీటలు. కోసిన రోజే చివర్లకి మైనపు పూత గానీ చిక్కటి పెయింటు గానీ వేయండి, నీడలో, నేలకి తగలకుండా దిమ్మెల మీద పెట్టండి. పగిలిన చివర కోసేయాల్సి వస్తుంది కాబట్టి అడిగిన పొడవు కన్నా కాస్త ఎక్కువే ఉంచండి. అన్నిటికన్నా మంచిది కొనేవాళ్లని ముందే చూసుకుని తర్వాత కూల్చడం.

కొమ్మలు, చిప్స్ (యంత్రంలో వేసి చేసిన చెక్క ముక్కలు) ఎవరూ కొనట్లేదు. ఏం చేయాలి?

లావు కొమ్మలు చీల్చి ఆరబెడితే వంటచెరుకు. తేమ 20 శాతం లోపుకి దిగితేనే పొగ తగ్గుతుంది. చిప్స్‌ని చెట్ల కింద 5 నుంచి 10 సెంటీమీటర్ల మందం పరిచితే తడి నిలుస్తుంది. మొదలుకి మాత్రం తగలనివ్వకండి, బెరడు కుళ్లుతుంది. వాడేదాకా నిలవ ఉంచాలంటే కుప్పలు చిన్నవిగా, గోడలకి దూరంగా వేయండి. పచ్చి చిప్స్ పెద్ద కుప్పగా పోస్తే లోపల వేడెక్కి, ఒక్కోసారి పొగ కూడా వస్తుంది.